ట్రయథ్లాన్ దుస్తులు: మన ఉక్కపోతలో ఏవి కొనాలి, ఎలా పరీక్షించాలి, రేసు రోజు ఏ వరుసలో వేసుకోవాలి

విజయవాడ, గుంటూరుల్లో ట్రయథ్లాన్, అంటే ఒకే రేసులో వరుసగా ఈత, సైకిల్, పరుగు, సాధన మొదలుపెట్టేవాళ్లు ముందు సైకిల్ గురించి అడుగుతారు, ఆ తర్వాత బూట్ల గురించి. బట్టల సంగతి గుర్తొచ్చేది మొదటి పెద్ద రైడ్ అయ్యాకే. తొడల సందున చర్మం లేచిపోయి, స్నానానికెళ్లి చెంబుడు నీళ్లు పోసుకోగానే కారం రాసినట్టు మండినప్పుడు.

మన దగ్గర ఈ ఆటలో బట్ట పొడిగా ఉండే సమయమంటూ లేదు. ఈతలో నీళ్లు, సైకిల్ మీద చెమట, పరుగులో నెత్తిన గుమ్మరించుకున్న నీళ్లు. కాబట్టి షాపులో ఏసీ కింద వేసుకుంటే ఎంత హాయిగా ఉందన్నది లెక్కలోకి రాదు. తడిసి, రెండు గంటలు కదిలాక ఎలా ఉందన్నదే లెక్క. కింద చెప్పిన ప్రతి ఎంపికకూ ఇదే కొలబద్ద.

1. పర్సు తీసేముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది దూరం. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు. ఒలింపిక్ దూరం 1.5, 40, 10 కి.మీ. హాఫ్, అంటే 70.3 రేసు (మొత్తం దూరం మైళ్లలో) 1.9, 90, 21.1 కి.మీ. ఫుల్ అయితే 3.8, 180, 42.2 కి.మీ.

మొదటి స్ప్రింట్ కోసం ట్రైసూట్, అంటే మూడింటికీ మార్చకుండా వేసుకునే ఒంటికి అతుక్కునే దుస్తులు, కొనాల్సిన పని లేదు. మోకాళ్ల పైదాకా వచ్చే ఈత నిక్కరు, ఒంటికి అతుక్కునే సింథటిక్ టాప్ చాలు. 20 కి.మీ. సీటు తగిలే చోట కుట్టే మెత్తటి ప్యాడ్ లేకుండా తొక్కేయొచ్చు. అయితే చొక్కా లేకుండా సైకిలెక్కడం, పరుగెత్తడం రేసుల్లో కుదరదు, టాప్ తప్పనిసరి. ఒలింపిక్ దూరం నుంచి ట్రైసూట్ పెట్టుబడికి అర్థముంటుంది. హాఫ్‌కి వచ్చేసరికి అది అవసరమే.

రెండోది నీళ్లు. వెట్‌సూట్, అంటే చల్లటి నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు సూట్, కొనాలా అని చాలామంది అడుగుతారు. మన ప్రాంతపు రేసులకు అక్కర్లేదు. హాఫ్, ఫుల్ రేసులు నడిపే ఐరన్‌మ్యాన్ సంస్థ నిబంధనల ప్రకారం నీళ్లు 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ వేసుకున్నవాళ్లకు బహుమతుల అర్హత ఉండదు. 28.8 దాటితే అసలు వేసుకోనివ్వరు. 2019లో మొదలైన గోవా 70.3లో మిరామార్ తీరాన సముద్రంలో ఈదాలి, అక్కడి నీళ్లూ వెచ్చనివే. యూరప్ రేసుకు పేరిచ్చినప్పుడు వెట్‌సూట్ సంగతి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ఈ ఆట అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ ట్రయథ్లాన్ నియమాల్లో దాని మందం 5 మి.మీ. దాటకూడదని గుర్తుంచుకోండి.

స్విమ్‌స్కిన్ ట్రైసూట్ మీద వేసుకునే పలుచటి పొర, ఈతలో నీటి రాపిడిని తగ్గిస్తుంది. ఉంటే మంచిదే, కానీ జాబితాలో అన్నిటికన్నా చివర కొనాల్సిన వస్తువు.

మూడోది మీ సాధన వేళ. తెల్లవారుజామున 5కి మొదలుపెట్టి 7 లోపు ముగించేవాళ్లకు ఎండ సమస్య తక్కువ, చీకటి సమస్య ఎక్కువ. ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం తొక్కేవాళ్లకు రోడ్డు నుంచి లేచే వేడి ఎక్కువ. ఈ రెండు గుంపులకూ ఒకే జాబితా సరిపోదు.

2. బట్టను ఎలా చదవాలి

లేబుల్ మీద చూడాల్సింది పోగుల శాతం. ట్రైసూట్‌కు నైలాన్ లేదా పాలియెస్టర్ 75-80 శాతం, ఎలాస్టేన్ 20-25 శాతం ఉంటే బాగా సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. ఎలాస్టేన్, లైక్రా, స్పాండెక్స్ మూడూ ఒకటే. పరుగు టీషర్టుకు సాగే గుణం పెద్దగా అక్కర్లేదు, 100-140 జీఎస్‌ఎం (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో) పాలియెస్టర్ చాలు. సైకిల్ షార్ట్స్‌కు 180-220 జీఎస్‌ఎం కావాలి. అంతకన్నా పలుచనైతే సీటు రాపిడికి తొందరగా నలిగిపోతుంది.

నూలు వద్దు. గాల్లోని తేమకే నూలు తన బరువులో దాదాపు 8 శాతం నీటిని పీల్చుకుంటుంది, పాలియెస్టర్ అర శాతం కూడా పీల్చదు. ఇక చెమట దిగితే నూలు బనియన్ బరువెక్కి, కిందికి జారి, చంకల దగ్గర కోస్తుంది. మంగళగిరి నూలు చొక్కా రేసయ్యాక వేసుకోండి, అంతకన్నా హాయి ఇంకోటి లేదు.

చెమట పీల్చే బట్ట అని రాసున్న ప్రతిదాన్నీ నమ్మక్కర్లేదు. ఆ బట్ట చేసేదల్లా చెమటను పైపొరకు తెచ్చి పరచడమే. చల్లబరిచేది ఆ చెమట ఆవిరి కావడం. ఆగస్టు తెల్లవారుజామున గాలి స్తంభించి, తేమ నిండిపోయి ఉంటే ఏ బట్టా ఆరదు, చెమట బొట్లుబొట్లుగా కారిపోతుంది. అందుకే మనకు పోగు పేరు కన్నా నేత ముఖ్యం. వీపు మధ్యన, చంకల కింద, పక్కల జాలీ నేత ఉన్న టాప్ వెతకండి.

రంగుకు ఒక తేలిక సూత్రం: నడుము పైన లేత రంగు, నడుము కింద ముదురు రంగు. లేత రంగు ఎండను తక్కువగా పీల్చుకుంటుంది. కానీ తడిసిన తెల్ల లైక్రా లోపలిదంతా చూపిస్తుంది, ఆ సంగతి ఫొటోలు వచ్చాక తెలియడం కన్నా ముందే తెలియడం మంచిది. యూపీఎఫ్ 50 అని ఉంటే ఆ బట్ట అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతే లోపలికి రానిస్తుందని అర్థం. బట్టను బాగా సాగదీస్తే ఆ రక్షణ తగ్గుతుంది, కాబట్టి పైనున్న టాప్‌ను ఒక సైజు చిన్నది కొని బిగించుకోవద్దు.

షాపులోనే చేయగల పరీక్ష ఒకటుంది. బట్టను పిడికిలి మీద బిగించి లాగి, ట్యూబ్‌లైటు వైపు పట్టండి. పోగుల మధ్య తెల్లగా సందులు కనిపించి, మీ వేళ్ల కణుపులు లెక్కపెట్టగలిగితే, వంగి సైకిల్ తొక్కేటప్పుడు వెనకాలొచ్చేవాళ్లకూ అంతే స్పష్టంగా కనిపిస్తుంది. వదిలేశాక ఆ చోట ఉబ్బు మిగిలిపోతే ఎలాస్టేన్ నాసిరకం.

3. కుట్లు, ప్యాడ్, జిప్పు, జేబులు

ఇక్కడ తొందరపడొద్దు. డబ్బు తేడా అంతా ఇక్కడే ఉంటుంది.

ట్రైసూట్‌ను లోపలి వైపు తిప్పండి. బొటనవేలిని కుట్టు పొడవునా నెమ్మదిగా నడిపించండి. రెండు అంచులూ పక్కపక్కనే పడుకుని చదునుగా ఉంటే ఫ్లాట్‌లాక్ కుట్టు, అదే కావాలి. వేలికి గట్టులా తగిలితే మామూలు ఓవర్‌లాక్. చేతి మీద అది ఏమీ అనిపించదు. తొడ లోపల, తడిలో, నిమిషానికి 85 సార్లు పెడల్ తిరిగేటప్పుడు అదే గట్టు రంపం పని చేస్తుంది. ప్రత్యేకంగా చూడాల్సిన చోట్లు నాలుగు: చంక, మెడ వెనక, తొడ లోపలి వైపు, ప్యాడ్ అంచు. మెడ వెనక అట్ట లేబుల్ కుట్టి ఉంటే కొన్న రోజే కుట్టు విప్పి తీసేయండి. కత్తిరిస్తే మిగిలిన మొదలు ఇంకా గుచ్చుకుంటుంది.

ప్యాడ్ విషయంలో ఎక్కువమంది పొరబడతారు. మెత్తగా, మందంగా ఉంటే మంచిదనుకుంటారు. భుజాల మీదుగా పట్టీలుండే సైకిల్ బిబ్ షార్ట్స్‌కు ఆ మాట నిజమే, అందులో ప్యాడ్ మందం 10 మి.మీ. పైనే ఉంటుంది. ట్రైసూట్ ప్యాడ్ దాదాపు సగమే ఉండాలి. మందపాటి ప్యాడ్ ఈతలో నీళ్లు పట్టుకుంటుంది, సైకిల్ మీద చాలాసేపు ఆరదు, పరుగులో తొడల మధ్య అటూఇటూ కదులుతుంది. పలుచటి ప్యాడ్ మీద 90 కి.మీ. కూర్చోలేమని భయపడితే సరిచేయాల్సింది సీటు ఎత్తు, సీటు వెడల్పు. ప్యాడ్‌ను మందం చేస్తే ఆ సమస్య పోదు.

తొడ చివరనున్న పట్టీ కింద ఒక వేలు కష్టం లేకుండా దూరాలి. సన్నటి రబ్బరు గీత ఉన్న పట్టీ చెమటకు దద్దుర్లు తెస్తుంది. రెండంగుళాల వెడల్పు బట్ట పట్టీ మేలు.

జిప్పు ముందువైపు, పొట్ట దాకా ఉంటే సైకిల్ మీద గాలి ఆడుతుంది. పైకొసన జిప్పు తల దాగే చిన్న బట్ట గూడు ఉందో లేదో చూడండి, లేకపోతే ఈతలో గొంతు గీరుకుపోతుంది. రేసులో జిప్పు దించుకున్నా కిందికొస రెండు అంచులూ కలిసే ఉండాలి. జిప్పు మొత్తం విప్పేసి చొక్కాలా ఎగరేసుకుంటూ వెళితే అధికారులు ఆపుతారు.

వెనక జేబులు రెండు చాలు. ఈతలో వాటిలో ఏమీ పెట్టొద్దు. నోరు తెరిచిన జేబు నీళ్లతో నిండి వెనక్కి లాగుతుంది. జెల్ పాకెట్లు సైకిల్ గొట్టానికి టేప్ చేయండి, లేదా పైగొట్టం సంచీలో వేయండి.

4. కొలతలు

ఎస్, ఎం, ఎల్ అన్న అక్షరాలను పక్కన పెట్టండి. టేపు తీసుకుని ఉదయం పరగడుపున కొలవండి, సెంటీమీటర్లలో రాసుకోండి.

- ఛాతీ: చంకల కింద, మామూలుగా గాలి వదిలాక
- నడుము: బొడ్డు మీదుగా
- పిరుదులు: అన్నిటికన్నా వెడల్పున్న చోట
- తొడ: మధ్యన
- మొండెం చుట్టు: భుజం మధ్య నుంచి టేపు ముందుగా దించి, కాళ్ల సందులోంచి తీసి, వీపు మీదుగా మళ్లీ అదే భుజానికి

చివరి కొలత వన్‌పీస్ సూట్‌కు ప్రాణం. పొడగరులు ఛాతీ కొలత చూసి కొంటే సూట్ భుజాలను కిందికి లాగుతుంది. ఈతలో చెయ్యి లేపిన ప్రతిసారీ కింద ప్యాడ్ పైకి జరుగుతుంది. రెండు సైజుల మధ్య పడితే వన్‌పీస్‌లో మొండెం చుట్టుకొలతనే నమ్మండి, టూపీస్‌లో పిరుదుల కొలతను.

ట్రయల్ రూములో చేయాల్సినవి:

1. రెండు చేతులూ పైకెత్తి చెవులకు ఆనించండి. కాళ్ల సందున లాగకూడదు.
2. ఫ్రీస్టైల్ లాగా పది సార్లు చేతులు తిప్పండి. చంక దగ్గర బిగుసుకోకూడదు.
3. సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి అరనిమిషం ఉండండి. పొట్ట దగ్గర మడతలు పడొచ్చు, వీపు మీద లాగకూడదు.
4. ఉన్నచోటే పరుగెత్తండి. తొడ పట్టీ పైకి పాకితే సైజు తప్పు.

పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగుతుగా ఉందనిపించాలి, నిలబడితే కొద్దిగా కురచ అనిపించినా పర్వాలేదు. లైక్రా తడిస్తే కొంచెం వదులవుతుంది. పొడిగానే వదులుగా ఉంటే నీళ్లలో సంచిలా నింపుకుంటుంది.

ఇంకో మాట, మొహమాటం లేకుండా: ట్రైసూట్ లోపల, బిబ్ షార్ట్స్ లోపల డ్రాయరు వేసుకోకూడదు. ప్యాడ్ చర్మానికి నేరుగా తగలాలి. డ్రాయరు కుట్లు సీటు మీద నలిగి పుండ్లు చేస్తాయి. కొత్తవాళ్ల ఒరుపు ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదొక్కటే.

5. వన్‌పీసా, టూపీసా

స్ప్రింట్, ఒలింపిక్ దూరాలకు వన్‌పీస్. నడుము దగ్గర పట్టీ ఉండదు, టాప్ పైకి పాకదు, వీపు కింది భాగం ఎండకు కాలదు. హాఫ్, ఫుల్ దూరాల్లో దారిలో టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తుంది. తడి వన్‌పీస్‌ను భుజాల నుంచి ఒలిచి మళ్లీ ఎక్కించడం చిన్న యుద్ధమే. అక్కడ టూపీస్ తేలిక.

చేతులున్న సూటా, చేతుల్లేనిదా అంటే, మన ఎండకు మోచేతి పైదాకా చేతులున్నదే మా ఓటు. భుజాలు కాలితే మర్నాడు ఈతకు దిగలేరు. చేతులున్న సూట్ ఈతలో భుజాన్ని కాస్త పట్టేస్తుందన్నది నిజమే, అందుకే చంకల దగ్గర పలుచటి సాగే బట్ట ఉన్నది ఎంచుకోండి.

6. ఆడవాళ్లకు ప్రత్యేకంగా

ట్రైసూట్‌లో కుట్టి ఇచ్చే లోపలి బ్రా చాలామందికి సరిపోదు. విడిగా స్పోర్ట్స్ బ్రా వేసుకోవడమే మేలు. స్పాంజి కప్పులున్నవి వద్దు, నీళ్లు పీల్చి గంటల తరబడి వదలవు. ఇనుప కొక్కేలు వద్దు, వెన్ను మీద సూట్‌కూ చర్మానికీ మధ్య నలుగుతాయి. కింది పట్టీ లోపల రెండు వేళ్లు దూరితే సరి. భుజం పట్టీలు బిగించి బరువు మోయించకండి, మోయాల్సింది కింది పట్టీ. గుండె వేగం కొలిచే బెల్టు పెట్టుకునేవాళ్లు బ్రా పట్టీ, ఆ బెల్టు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవాలి.

నెలసరి రోజుల్లో మామూలు ప్యాడ్ ఈతకు పనికిరాదు, నీళ్లు పీల్చి ఉబ్బిపోతుంది. మెన్‌స్ట్రువల్ కప్పు గానీ టాంపాన్ గానీ సాధనలో ముందే అలవాటు చేసుకోవాలి. మొదటిసారి రేసు రోజే వాడొద్దు.

రోడ్డు మీద లైక్రాలో నిలబడటానికి ఇబ్బందిగా ఉంటే పైన వదులు షార్ట్స్ వేసుకుని బయల్దేరండి. బ్రాడీపేటలోనో బందరు రోడ్డులోనో టీ కొట్టు ముందు ఆగినప్పుడు చూపులు ఎలా ఉంటాయో తెలిసిందే. కానీ తొక్కేటప్పుడు ఆ షార్ట్స్ తీసి జేబులో పెట్టండి, సీటుకూ లైక్రాకూ మధ్య ఇంకో బట్ట ఉంటే ఒరుపు తప్పదు. మగవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

7. సాధన బట్టల పెట్టె

రేసు సూట్‌ను రోజూ వాడి చంపకండి. వారానికి ఐదారు రోజులు సాధన చేసేవారికి కావాల్సింది ఇంత:

- ఈత దుస్తులు 2
- బిబ్ షార్ట్స్ 2
- సైకిల్ జెర్సీలు 2
- పరుగు టాప్‌లు 3, పరుగు షార్ట్స్ 2
- సాక్సులు 5 జతలు
- ట్రైసూట్ 1, రేసుకూ రేసు తరహా సాధనకూ మాత్రమే

బిబ్ షార్ట్స్ రెండు ఎందుకంటే వానాకాలంలో ప్యాడ్ ఒక రోజులో ఆరదు. ఆరని ప్యాడ్‌లో కూర్చుంటే తామరను పిలిచినట్టే. డబ్బు తక్కువుంటే ఖర్చు వరుస ఇది: ముందు బిబ్ షార్ట్స్, తర్వాత సాక్సులు, తర్వాత ట్రైసూట్. జెర్సీ ఎంత ఖరీదైనదైనా కూర్చునే చోటుకు చేసే మేలేమీ లేదు.

ఈత: కొలనులో క్లోరిన్ ఎలాస్టేన్‌ను తినేస్తుంది. సాధనకు పూర్తి పాలియెస్టర్ లేదా పీబీటీ (సాగే ఒక రకం పాలియెస్టర్) కలిసిన ఈత దుస్తులు కొనండి, అవి చాలాకాలం నిలుస్తాయి. కృష్ణలో ఈదే అవకాశం వస్తే తలకు మెరిసే నారింజ లేదా పసుపు క్యాప్, నడుముకు తేలే బుడగ ఉండాలి. అనుమతి, పడవ తోడు లేకుండా దిగొద్దు. బ్యారేజీ గేట్ల వైపు అసలే వద్దు.

సైకిల్: చీకట్లో జాతీయ రహదారి ఎక్కేవాళ్లు నల్ల జెర్సీ మానేయండి. మెరిసే పసుపు జెర్సీ, వెనక ఎర్ర లైటు. వెనకాలొచ్చే లారీ డ్రైవరుకు బాగా కనిపించేది పైకీ కిందికీ కదిలేది, అందుకే చీలమండలకు మెరిసే పట్టీ వీపు మీది గీతకన్నా బాగా పనిచేస్తుంది. కరకట్ట మీద తెల్లవారుజామున పురుగులు కంట్లో పడతాయి, రంగులేని అద్దాల కళ్లజోడు జేబులో ఉంచండి.

పరుగు: వదులు షార్ట్స్ లోపల తొడలు ఒరుసుకునేవాళ్లు పట్టుండే షార్ట్స్‌కు మారిపోవాలి. దీనికి బరువుతో సంబంధం లేదు, సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది.

రెయిన్‌కోటు లాంటి చెమట జాకెట్లు వేసుకుని స్టేడియాల్లో పరుగెత్తేవాళ్లు కనిపిస్తుంటారు. అందులో తగ్గేది నీళ్ల బరువు, రెండు గ్లాసులు తాగగానే తిరిగొస్తుంది. మన వేసవిలో అది వడదెబ్బకు దగ్గరి దారి. చలికాలంలో కూడా మన దగ్గర తెల్లవారుజామున 17-18 డిగ్రీల కన్నా అరుదుగానే దిగుతుంది. సైకిల్ మీద మొదటి అరగంటకు చేతుల్లేని పలుచటి గాలి కోటు చాలు, స్వెట్టర్ వద్దు.

8. తల, కళ్లు, చేతులు, పాదాలు

హెల్మెట్: కనుబొమ్మల పైన రెండు వేళ్ల ఎడం, చెవి కింద పట్టీలు ఆంగ్ల వీ అక్షరంలా కలవాలి, గడ్డం కింద ఒక వేలు దూరాలి. గాలి రంధ్రాలు ఎక్కువున్నదే కొనండి. తోక ఉన్న ఏరో హెల్మెట్ మన వేడిలో ఇచ్చే లాభం కన్నా పెట్టే ఉక్కే ఎక్కువ.

టోపీ: పరుగుకు తెల్లటి జాలీ టోపీ. నీళ్ల కేంద్రంలో ఐసు ముక్కలు దొరికితే టోపీలో వేసుకుని పెట్టుకోవచ్చు. వైజర్‌లో ఆ వసతి లేదు, నడినెత్తి కూడా కాలుతుంది.

చేతి తొడుగులు: భుజాల నుంచి మణికట్టు దాకా తెల్ల సన్నటి తొడుగులు ఎండ కాస్తాయి, తడిపితే చల్లబరుస్తాయి. పొడిగా వదిలేస్తే మాత్రం ఉక్క పెడతాయి. తడపడం కుదరదంటే వేసుకోకండి. ఈతలో వేసుకోవచ్చా లేదా అన్నది రేసు నియమాల్లో చూడండి. పిక్కల తొడుగులకు మాత్రం వెట్‌సూట్ నిషేధించిన ఈతలో సాధారణంగా అనుమతి ఉండదు, అవి సైకిల్ దగ్గరే వేసుకోవాలి.

ఈత కళ్లజోడు: ఉదయపు రేసులో ఎదురెండ వస్తుంది, నల్ల లేదా అద్దం పూత ఉన్నది ఒకటి, రంగులేనిది ఒకటి. పట్టీ క్యాప్ లోపల పెట్టుకుంటే తోపులాటలో ఎవరి చెయ్యో తగిలినా ఊడదు.

బూట్లు: సాయంత్రం కొనండి, వేడికి పాదం ఉబ్బుతుంది. పెద్దవేలి ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. లేసులు తీసేసి సాగే లేసులు వేస్తే ముడి వేసే పని ఉండదు. తలపై పోసుకున్న నీళ్లు కాళ్లమీదుగా బూట్లలోకే దిగుతాయి, కాబట్టి పైభాగం పలుచటి జాలీ ఉన్నవే ఎంచుకోండి.

సాక్సులు: నైలాన్ లేదా పాలియెస్టర్, మడమ దగ్గర అల్లిక మందంగా. సాక్సుల్లేకుండా పరుగెత్తడం స్ప్రింట్‌లో కుదురుతుంది, అదీ అదే బూటుతో ముందు నాలుగైదుసార్లు చేసి చూశాక. హాఫ్‌లో పెట్టుకునే పది సెకన్లు బొబ్బల నుంచి కాపాడతాయి.

9. ఒరుపును ముందే ఆపడం

పూయాల్సిన చోట్లు: మెడ వెనక, చంకలు, చనుమొనలు, బ్రా పట్టీ కింద, తొడల లోపల, మడమ, రేసు సమయం కొలిచే చిప్ పట్టీ కట్టే చీలమండ.

పెట్రోలియం జెల్లీ చవక, చాలాసేపు ఆగుతుంది. చర్మం మడతల్లో అది చాలు. ప్యాడ్ మీద మాత్రం అది వద్దు, సందులు మూసేసి ఉతికినా పోదు. ప్యాడ్‌కు షామీ క్రీమ్ విడిగా దొరుకుతుంది. కొబ్బరినూనె పరుగు దాకా ఆగదు. పౌడరు అసలే వద్దు, తడికి ముద్దకట్టి రాపిడిని పెంచుతుంది.

జెల్లీ పూసుకున్న చేతులను గుడ్డతో తుడిచి, సబ్బు పెట్టి కడిగాకే ఈత కళ్లజోడు ముట్టుకోండి. అద్దం మీద వేలిముద్ర పడిందంటే రేసంతా పొగమంచులో ఈదాలి. సన్‌స్క్రీన్ కూడా అంతే: బయటికొచ్చే అరగంట ముందు రాయండి, నుదుటి మీద తక్కువ రాయండి, చెమటతో కళ్లలోకి దిగుతుంది.

ఒరుపు వచ్చేసిందా? గోరువెచ్చటి నీళ్లతో కడిగి, అద్ది ఆరబెట్టి, ఆ చోట రెండు రోజులు ఏ కుట్టూ తగలకుండా చూడండి. ఎర్రటి గుండ్రటి మచ్చ, అంచు లేచి, దురద పెడుతుంటే అది ఒరుపు కాకపోవచ్చు, తామర కావచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ దాన్ని ముదరబెడుతుంది. చర్మవైద్యుడికి చూపించండి.

10. రేసుకు ముందు మూడు పరీక్షలు

ఆఖరి పరీక్షకూ రేసుకూ మధ్య కనీసం రెండు వారాలుండాలి. సూట్ మార్చాల్సి వస్తే ఆ సమయం కావాలి.

పొడి పరీక్ష: ఇంట్లో సూట్ వేసుకుని, జిప్పు వేసి తీసి, సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే ట్రైనర్ ఉంటే దాని మీద 20 నిమిషాలు.

కొలను పరీక్ష: 400 మీటర్లు ఈది, ఒడ్డుకొచ్చి, సూట్‌లో ఎక్కడ నీళ్లు నిలిచాయో తడిమి చూడండి. రెండోసారి రేసు దూరమంతా. మెడ వెనక, చంక కింద ఎర్రబడితే అక్కడ జెల్లీ కావాలని అర్థం.

బ్రిక్ పరీక్ష: సూట్‌ను నీళ్లలో ముంచి వేసుకుని బయల్దేరండి. 40 కి.మీ. సైకిల్, దిగీ దిగగానే 5 కి.మీ. పరుగు. రేసు జరిగే వేళకే చేయండి, రేసులో వాడే బూట్లు, సాక్సులు, టోపీ, రేసు నంబరు తగిలించే బెల్టు అన్నీ వాడండి. హాఫ్‌కి వెళ్లేవాళ్లు ఒకసారైనా మూడు గంటలు దాటించాలి. కొన్ని కుట్లు రెండో గంట దాటాకే కోయడం మొదలుపెడతాయి.

11. రేసు రోజు వరుస

ప్రయాణంలో సూట్, సైకిల్ బూట్లు, పరుగు బూట్లు, ఈత కళ్లజోడు చేతి సంచీలో ఉండాలి. గుంటూరు మీదుగా వాస్కోడగామా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లోనైనా, విమానంలోనైనా అంతే. సైకిల్ పెట్టె ఆలస్యమైతే సైకిల్ అద్దెకు దొరకొచ్చు, మీ పాదానికి అలవాటైన బూటు దొరకదు.

గదిలో:
1. జెల్లీ, తర్వాత సన్‌స్క్రీన్, ఆరాక సూట్
2. చేతులు సబ్బుతో కడుక్కోవడం
3. టైమింగ్ చిప్ ఎడమ చీలమండకు, ఎందుకంటే గొలుసు కుడివైపు ఉంటుంది
4. పైన పాత టీషర్టు, చెప్పులు. ఈతకు ముందు వదిలేయడానికి

ఈత నుంచి సైకిల్‌కు:
1. పరుగెత్తుతూనే క్యాప్, ఈత కళ్లజోడు తీసేయండి
2. హెల్మెట్ పెట్టి గడ్డం పట్టీ బిగించాకే సైకిల్ ముట్టుకోండి, లేకపోతే శిక్ష పడుతుంది
3. సైకిల్ కళ్లజోడు, తర్వాత నంబరు బెల్టు, నంబరు వెనక్కి
4. తువ్వాలు మీద పాదాలు తుడిచి సాక్సులు, వాటి మీద సైకిల్ బూట్లు. సాక్సులు ముందే సగం మడిచి ఉంచితే వేళ్ల మీద నుంచి ఒక్క లాగుతో ఎక్కుతాయి

సైకిల్ నుంచి పరుగుకు:
1. సైకిల్ స్టాండుకు తగిలించాకే హెల్మెట్ పట్టీ విప్పండి
2. బూట్లు, సాగే లేసులు
3. టోపీ చేత్తో పట్టుకుని బయల్దేరండి, నడుస్తూ పెట్టుకోవచ్చు
4. నంబరు ముందుకు తిప్పండి

12. ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకోవడం

ఈతలో మెడ వెనక గీత పడింది: లేబుల్ మిగిలి ఉంది, లేదా మొండెం కొలత తక్కువైంది. మొదటిది విప్పి తీసేస్తే సరి, రెండోదానికి సైజు మార్చడమే.

సైకిల్ మీద గంటకే మొద్దుబారుతోంది: ముందు సీటు ముక్కు వంపు, ఎత్తు చూడండి. అవి సరిగా ఉంటే ప్యాడ్ వెనక్కి జరిగి ఉంటుంది, సూట్‌ను పైకి లాగి సర్దండి. అప్పటికీ తగ్గకపోతే ప్యాడ్ ఆకారం మీకు నప్పలేదు.

పరుగులో చొక్కా మీద రెండు చోట్ల నెత్తురు: చనుమొనల ఒరుపు. సర్జికల్ టేప్ అంటించండి, అంటించే ముందు అక్కడ జెల్లీ రాయకండి, నిలవదు.

గోళ్లు నల్లబడ్డాయి: బూటు చిన్నది, లేదా లేసు వదులై పాదం ముందుకు జారుతోంది.

సూట్ రెండో నెలకే పిరుదుల దగ్గర బొబ్బలు కట్టినట్టు పోగులు లేచాయి: సీటు కవరు కుట్టు గరుగ్గా ఉంది, లేదా బట్టను బ్రష్‌తో రుద్దుతున్నారు.

13. ఉతకడం, ఆరబెట్టడం, ఎప్పుడు మార్చాలి

ఇంటికి రాగానే, స్నానానికి ముందే, సూట్‌ను చల్లటి నీళ్లలో జాడించండి. కారు డిక్కీలో సంచీలో మూటగట్టి సాయంత్రం దాకా వదిలేస్తే ఆ వాసన తర్వాత ఎంత సబ్బు పెట్టినా పూర్తిగా పోదు.

చేత్తో ఉతికితే తేలికపాటి ద్రవ సబ్బు. మెషీన్‌లో అయితే జిప్పు మూసి, లోపలికి తిప్పి, జాలీ సంచీలో వేయండి. వేడి నీళ్లు, బ్లీచింగ్, ఫ్యాబ్రిక్ కండిషనర్ మూడూ వద్దు. కండిషనర్ పోగుల మీద మైనంలా పేరుకుని చెమటను పీల్చనివ్వదు. పిండేటప్పుడు మెలితిప్పకండి, తువ్వాలులో చుట్టి నొక్కండి. ఇస్త్రీ మాట వద్దు.

ఆరబెట్టడం నీడలో, గాలి తగిలే చోట, ప్యాడ్ బయటికి కనిపించేలా. డాబా మీద మే నెల ఎండలో వేసిన లైక్రా ఒక్క వేసవిలో సాగుడు పోగొట్టుకుంటుంది. వానాకాలంలో ఫ్యాన్ కింద హ్యాంగరుకు తగిలించి, ప్యాడ్‌ను వేళ్లతో నొక్కి లోపల తేమ లేదని తేలాకే మడిచి పెట్టండి.

తొడ పట్టీ వదులై పైకి పాకుతున్నా, వెనక భాగం వెలుతురుకు పట్టుకుంటే పారదర్శకంగా కనిపిస్తున్నా, ప్యాడ్ మధ్యలో నొక్కితే వేలికి గట్టిగా తగులుతున్నా ఆ సూట్ రేసుకు పనికిరాదు. కుట్లు బాగుంటే కొలనులో సాధనకు దించండి, క్లోరిన్ ఎలాగూ తినేసేదే కదా. బిబ్ షార్ట్స్‌లో ప్యాడ్ అణిగిపోయి బట్ట బాగుంటే ప్యాడ్ మాత్రం మార్పించి వాడదామని టైలరు దగ్గరికి వెళ్లకండి. మామూలు కుట్టు మెషీన్ మీద సాగే కుట్టు సరిగా పడదు, మళ్లీ అదే గట్టు, అదే చోట.